వాలీబాల్‌లో లిఫ్టర్‌గా బాల్ ఎలా ఇవ్వాలి: మీ స్మాషర్ ఎదుట ఒక్క బ్లాకరే మిగిలేలా

"వేళ్ళు బాగానే ఆడుతున్నాయి, బాల్ తిరగట్లేదు, రిఫరీ డబుల్ టచ్ ఫౌల్ కూడా ఇవ్వట్లేదు. అయినా మావాడు కొట్టిన బాల్ అల్లా బ్లాక్‌లో పడిపోతోంది. ఏటన్నా కారణం?"

ఒడిశా వైపు పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం కుర్రాళ్ళు, ఇటు ఆంధ్రలో పాతపట్నం, మెళియాపుట్టి కుర్రాళ్ళు తిప్పి తిప్పి అడుగుతున్నది ఇదే. అందుకే ఒకేచోట రాసి పెడుతున్నాను. లిఫ్టర్ అంటే రెండో టచ్‌లో బాల్‌ని లేపి ఇచ్చేవాడు, స్మాషర్ దాన్ని ఎగిరి కొట్టేవాడు, బ్లాకర్ నెట్ అవతల చేతులు పెట్టి అడ్డుకునేవాడు.

కారణం చాలాసార్లు వేళ్ళలో ఉండదు. బాల్ అందంగా లేస్తుంది, కానీ అది ఎక్కడికి వెళ్తుందో అవతలివాళ్ళకి ముందే తెలిసిపోతుంది. వాళ్ళు ఇద్దరో ముగ్గురో తీరిగ్గా నడిచొచ్చి చేతులు పెడతారు. పెద్ద స్థాయి పురుషుల ఆటలో లిఫ్టర్‌ని కొలిచేది రెండే ప్రశ్నలతో. స్మాషర్ ఎగిరినప్పుడు ఎదుట ఎంతమంది బ్లాకర్లున్నారు? బాల్ అతని చెయ్యి పూర్తిగా చాచిన ఎత్తులో దొరికిందా? ఈ రెంటికీ మంచి జవాబు వచ్చేలా సాధన ఎలా చెయ్యాలో కింద చెబుతున్నాను.

కావలసినవి

- 2.43 మీటర్ల దగ్గర గాటు పెట్టిన వెదురు కర్ర. పురుషుల నెట్ మధ్యలో ఎత్తు అంతే ఉండాలి. పక్క గీతల మీద రెండు వైపులా సమానంగా ఉండాలి, అక్కడ 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. మన మైదానాల్లో సాయంత్రానికి నెట్ మధ్యలో జారిపోతుంది. జారిన నెట్ మీద నేర్చుకున్న ఎత్తు టోర్నమెంటులో పనికిరాదు.
- 260 నుంచి 280 గ్రాముల బరువు, 65 నుంచి 67 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న బాల్. రాయిలా బిగిసేదాకా గాలి కొట్టకండి.
- రెండు ఆంటెన్నాలు, అంటే నెట్ రెండు చివర్లా నిలువుగా కట్టే బద్దలు. లేకపోతే నెట్ పైకి 80 సెంటీమీటర్లు వచ్చేలా సన్నటి వెదురు బద్దలు కట్టి, కొనలకి గుడ్డ చుట్టండి. చుట్టకపోతే ఎగిరినవాడి కంటికి ప్రమాదం.
- గీతలకి సున్నం, వీడియోకి సెల్‌ఫోన్, ఒక నోటుబుక్కు.
- మీతో కలిపి ఐదుగురు: రిసీవ్ చేసేవాడు (ఎదుటి సర్వీస్‌ని అందుకుని మీకు పంపేవాడు), ఇద్దరు స్మాషర్లు, అవతల ఒక బ్లాకర్. బ్లాకర్ లేకుండా చేసే సాధన సగం సాధనే.

1. ముందు చోటు, తర్వాతే చేతులు

కోర్టులో నిలబడే చోట్లకి నంబర్లుంటాయి: నెట్ వైపు చూస్తూ నిలబడితే ముందు వరుసలో కుడి నుంచి ఎడమకి రెండు, మూడు, నాలుగు; వెనక వరుసలో ఒకటి, ఆరు, ఐదు. రెండో నంబరుకీ మూడో నంబరుకీ మధ్య, కుడి పక్క గీత నుంచి దాదాపు మూడు మీటర్ల లోపలికి, నెట్‌కి చెయ్యి చాచేంత దూరంలో సున్నంతో ఒక గుండ్రం గియ్యండి. మంచి రిసీవ్ అంటే బాల్ అక్కడికి రావడం. మీరు బాల్ కన్నా ముందే అక్కడ ఉండాలి, కాళ్ళు ఆగి ఉండాలి, కుడి పాదం కొంచెం ముందుండాలి, భుజాలు నాలుగో నంబరు వైపు తిరిగి ఉండాలి.

బాల్ గుండ్రంలోకి రాకపోయినా అలవాటు మారదు. పరుగెత్తండి, ఆగండి, అప్పుడు చేతులెత్తండి. పరుగెత్తుతూ ఇచ్చిన బాల్ ఆ పరుగు దిక్కునే జారుతుంది. మన దగ్గర లిఫ్ట్ సరిగా రాలేదని తిట్టే బాల్స్‌లో ఎక్కువ భాగం కాళ్ళు ఆగకపోవడం వల్ల చెడినవే.

జాగ్రత్త: ఒకటి, ఆరు, ఐదు నంబర్లలో ఉన్నప్పుడు మీరు వెనక వరుస ఆటగాడు. ఎదుటివాడు సర్వీస్ కొట్టిన క్షణం తర్వాతే మీ చోటు వదిలి ముందుకి రావాలి. వచ్చాక కూడా, ముందు జోన్‌లో (నెట్‌కీ మూడు మీటర్ల గీతకీ మధ్య) బాల్ మొత్తం నెట్ పై అంచు కన్నా ఎత్తులో ఉన్నప్పుడు మీరు ముట్టుకుని, అది అవతలికి వెళ్ళిపోయినా, గాలిలో ఎదుటి బ్లాకర్‌కి తగిలినా ఫౌల్. రిసీవ్ నెట్ మీదకి వచ్చేసినప్పుడు ఈ ఫౌల్ తరచూ పడుతుంది. అలాంటప్పుడు ఎగరకుండా బాల్‌ని నెట్ కిందకి దిగనివ్వడమో, ఒంటి చేత్తో వెనక్కి లాగడమో చెయ్యండి.

2. అన్ని బాల్స్‌కీ ఒకటే భంగిమ

బాల్‌ని నుదుటి పైన, ఎప్పుడూ ఒకే చోట ముట్టుకోవాలి. నాలుగుకి ఇచ్చినా, నడిమివాడికి (ముందు వరుస మధ్యలో ఆడే స్మాషర్‌కి) ఇచ్చినా, వెనక్కి రెండుకి ఇచ్చినా ముట్టుకునే చోటు మారకూడదు. మణికట్టు, మోచెయ్యి చివరి క్షణంలో దిశ తేల్చాలి.

ఎక్కువగా కనిపించే తప్పులు మూడు. వెనక్కి ఇవ్వబోయే ముందు నడుము వంచెయ్యడం. నడిమివాడికి ఇవ్వాలనుకున్నప్పుడు చేతులు కిందకి దించి ఛాతీ దగ్గర అందుకోవడం. ఎవరికి ఇవ్వాలో వాణ్ణి బాల్ వచ్చే ముందే ఒకసారి చూసెయ్యడం. మూడోది అందరికీ ఉంటుంది, ఎవరూ ఒప్పుకోరు.

పరీక్ష ఇలా చెయ్యండి. ఫోన్‌ని నెట్ అవతల, వాళ్ళ నడిమి బ్లాకర్ నిలబడే చోట కంటి ఎత్తులో పెట్టండి. సగం నాలుగుకి, సగం వెనక్కి రెండుకి, ఏ వరసా లేకుండా ఇరవై బాల్స్ ఇవ్వండి. తర్వాత వీడియోని బాల్ మీ వేళ్ళకి తగలబోయే క్షణంలో ఆపి, ఎటు వెళ్తుందో చెప్పమని స్నేహితుణ్ణి అడగండి. పదింట్లో ఐదారు సరిగ్గా చెబితే అది గుడ్డి లెక్కే, మీరు పాస్. ఎనిమిది, తొమ్మిది చెప్పేస్తే మీ ఒళ్ళు ముందే చాటింపు వేస్తోందని అర్థం. అప్పుడు వీడియోని నెమ్మదిగా నడిపి, నడుమా, తలా, మోచేతులా ఏది బయటపెడుతోందో వెతకండి. ఒక్కోసారి ఒక్కటే సరిచెయ్యండి.

3. ఎగిరి ఇవ్వడం

పెద్ద మ్యాచుల్లో రిసీవ్ బాగా వచ్చిందంటే లిఫ్టర్ దాదాపు ఎప్పుడూ ఎగిరే ఇస్తాడు. ఫ్యాషన్ కోసం కాదు. బాల్ పైన అందుతుంది కాబట్టి స్మాషర్ దగ్గరికి చేరే సమయం తగ్గుతుంది. ముందు వరుసలో ఉంటే అతనే అవతల పడేస్తాడేమోనని బ్లాకర్ ఒక క్షణం ఆగిపోతాడు.

కానీ నేల మీద నిలబడి ఇచ్చేది కుదరక ముందే దీనికి పోకండి. బాల్‌ని ఎగిరిన ఎత్తు చివర అందుకోవాలి. కిందకి దిగుతూ అందుకుంటే బలం చాలక భుజాలతో తోస్తారు, బాల్ నెట్‌కి అతుక్కుపోతుంది. రిసీవ్ మూడు మీటర్ల గీత వెనక పడితే ఎగరాల్సిన పనే లేదు. నేల మీదే నిలబడి శుభ్రంగా ఇవ్వండి.

4. ఎత్తు తగ్గించండి, కానీ చోటు తప్పించకండి

ఇక్కడ ఒక్క లెక్క చెబుతాను, ఇంతకు మించి సిద్ధాంతం ఉండదు. నేల మీద నిలబడి 2.3 మీటర్ల ఎత్తులో అందుకుని, బాల్‌ని 6 మీటర్ల ఎత్తుకి లేపారనుకోండి. స్మాషర్ దాన్ని 3.2 మీటర్ల దగ్గర కొట్టేసరికి, గాలి అడ్డుని పక్కన పెడితే, సుమారు 1.6 సెకన్లు పడుతుంది. ఎగిరి 2.8 మీటర్ల దగ్గర అందుకుని 4 మీటర్ల ఎత్తుకే పంపితే 0.9 సెకను. ఈ 0.7 సెకను తేడాలోనే నడిమి బ్లాకర్ అంచుకి చేరడమో, మధ్యదారిలో చేతులు చాచి మిగిలిపోవడమో తేలిపోతుంది.

ఇది చదివి రేపటినుంచే అందరికీ బాణాల్లాంటి బాల్స్ ఇవ్వకండి. వేగం ఎక్కువై స్మాషర్ భుజం పూర్తిగా చాచకుండా, తల పక్కన వంగి కొడుతుంటే మీరు బ్లాకర్‌ని తప్పించి మీ స్మాషర్‌నే ఓడించారు. నా మట్టుకు, నడిమి బ్లాకర్ సగం ఆలస్యమయ్యే వేగం, స్మాషర్‌కి నిండు ఎత్తు, ఈ రెండూ కలిసిన చోటే సరైన లిఫ్ట్. రెంట్లో ఒకటి వదులుకోవాలంటే వేగమే వదులుకోండి.

నాలుగో నంబరుకి ఇచ్చే బాల్ నెట్‌కి అర మీటరు నుంచి మీటరు దూరంలో, ఆంటెన్నాకి కొంచెం లోపల ఉండాలి. నెట్ మీద పడితే బ్లాకర్ అరచేతిలో పెట్టినట్టే. ఆంటెన్నా దాటితే స్మాషర్‌కి అడ్డంగా కొట్టే దారి ఒక్కటే మిగులుతుంది.

పట్టుకునే పరీక్ష: స్మాషర్‌ని కొట్టొద్దనండి. మామూలుగా పరుగెత్తి ఎగిరి, రెండు చేతులూ నిటారుగా చాచి బాల్ పట్టుకోమనండి. చేతులు చాచే ఉంటే మంచి బాల్. మోచేతులు వంగితే బాల్ కిందకొచ్చింది. దిగుతూ పట్టుకుంటే ఎత్తు ఎక్కువైంది. పక్కకి వంగితే లోపలికో బయటికో పోయింది. పదికి ఎన్ని సరిగ్గా పడ్డాయో రాసుకోండి. ఎనిమిది నిలకడగా పడేదాకా అదే ఎత్తులో ఉండండి, తర్వాత ఒక జానెడు తగ్గించండి.

ఇచ్ఛాపురం వైపు, సోన్‌పూర్ వైపు తీరం దగ్గర ఆడేటప్పుడు మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి లేస్తుంది. ఎత్తు బాల్ ఎక్కడ దిగుతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ ఎత్తు తగ్గించడం తెలివి కోసం కాదు, తప్పనిసరి. టాస్ గెలిస్తే కోర్టు వైపు ఎంచుకునే ముందు గాలి దిక్కు చూసుకోండి.

5. నడిమివాణ్ణి బతికించండి

మన ఊళ్ళ జట్లలో నడిమివాడంటే పొడుగ్గా ఉండి బ్లాక్ చేసేవాడు, అంతే. అతనికి బాల్ ఇవ్వరు. ఇవ్వకపోతే అవతలి నడిమి బ్లాకర్‌కి పనేముంది? ముందే నాలుగో నంబరు వైపు జరిగి నిలబడతాడు. మీ మంచి స్మాషర్ బ్లాక్‌లో పడటానికి అసలు కారణం ఇదే.

దగ్గరి బాల్‌కి టైమింగ్ ఇలా ఉండాలి: మీరు బాల్ ముట్టుకునే సరికి నడిమివాడు అప్పటికే గాల్లో ఉండాలి. మీకు మీటరు దూరంలో, అతని చెయ్యి ఉన్న చోటికి బాల్ వెళ్ళాలి. అతను బాల్‌ని వెతుక్కోకూడదు. మొదట్లో భయపడి ఆలస్యంగా లేస్తాడు. అతను లేటుగా లేచినప్పుడు మీరు ఆగి ఇస్తే ఆ అలవాటు జన్మలో పోదు. తప్పిపోయినా సరే, బాల్‌ని సరైన సమయానికే వదలండి. అతనే ముందుకి జరుగుతాడు.

సెట్ మొదలైన కాసేపటికే, రిసీవ్ బాగా వచ్చిన మొదటి రెండు మూడు బాల్స్‌లో ఒకటైనా అతనికి ఇవ్వండి. పాయింటు రాకపోయినా నష్టం లేదు, అవతలివాడు చూశాడు కదా. ఆ తర్వాత బాల్ వచ్చినా రాకపోయినా ప్రతిసారీ నిజంగా కొట్టేవాడిలాగే ఎగరమని నడిమివాడికి చెప్పండి. ఈ పని చేసినందుకు చప్పట్లు కొట్టేవాళ్ళుండరు. మీరైనా చెయ్యి కలపండి.

ఇది కుదిరాక పైప్ కలపండి. నడిమివాడు ఎగిరిన వెంటనే, అతని వెనకనుంచి ఆరో నంబరు స్మాషర్ మూడు మీటర్ల గీత వెనక లేచి కొట్టే బాల్. నెట్‌కి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఉంచండి. ఒకే బ్లాకర్ ఇద్దరికీ జవాబు చెప్పాల్సి వస్తుంది. స్మాషర్ గీత తొక్కి లేస్తే ఫౌల్ కాబట్టి సాధనలో గీత దగ్గర ఒకణ్ణి కాపలా పెట్టండి.

6. ఎవరికి ఇవ్వాలి?

సర్వీస్‌కి ముందే అవతలి ముందు వరుస చూడండి. ఆటగాళ్ళు వరసగా చోట్లు మారే ఒక్కో అమరికని రొటేషన్ అంటారు. వాళ్ళ లిఫ్టర్ ముందు వరుసలో ఉండే మూడు రొటేషన్లలో మామూలుగా రెండో నంబరులో, అంటే మీ నాలుగో నంబరు స్మాషర్ ఎదురుగా బ్లాక్‌కి నిలబడతాడు. అతను పొట్టివాడైతే ఆ మూడు రొటేషన్లూ మీ నాలుగో నంబరు పండగ. నడిమి బ్లాకర్ ముందే ఒక పక్కకి జరిగాడా, రెండో పక్కకి ఇవ్వండి. కదలకుండా చూసి కదిలేవాడా, నడిమివాడికి ఇవ్వండి.

మీరు వెనక వరుసలో ఉంటే ముందు ముగ్గురు స్మాషర్లుంటారు. ముందు వరుసలో ఉంటే ఇద్దరే, కానీ మీరు మూడో బెదిరింపు. రెండో బాల్‌ని ఎడమ చేత్తో అవతల పడెయ్యొచ్చు. సెట్‌కి ఒకటో రెండో సార్లు చాలు. ఎక్కువ చేస్తే వెనకవాళ్ళు కాచుకుంటారు, తక్కువ చేస్తే నడిమి బ్లాకర్ మిమ్మల్ని మరిచిపోతాడు.

రిసీవ్ చెడితే తెలివితేటలు కట్టిపెట్టండి. ఎత్తుగా, నెట్‌కి దూరంగా, నాలుగుకో, వెనక ఒకటో నంబరులో ఉన్న బలమైన స్మాషర్‌కో ఇవ్వండి. మీకు బాల్ అందకపోతే లిబరో (వెనక వరుసలో రిసీవ్, డిఫెన్స్ కోసమే ఆడేవాడు) ఇస్తాడు. అతను ముందు జోన్‌లో నిలబడి వేళ్ళతో ఇస్తే దాన్ని నెట్ కన్నా ఎత్తులో కొట్టడం ఫౌల్. గీత వెనకనుంచి వేళ్ళతో ఇచ్చినా, ఎక్కడనుంచైనా ముంజేతులతో ఇచ్చినా ఇబ్బంది లేదు. లిబరోకి ఇది ముందే చెప్పి ఉంచండి.

7. సైగలు

సరిహద్దు ఊళ్ళలో దీనికి వేరే జాగ్రత్త కావాలి. విశాఖలోనో కటక్‌లోనో అయితే కోర్టులో అరిచిన మాట అవతలివాళ్ళకి అర్థం కాని సందర్భం ఉంటుందేమో. పర్లాకిమిడిలో తెలుగులో అరిచినా ఒడియాలో అరిచినా అవతలి ఆరుగురికీ అర్థమవుతుంది. జట్టులో సవర కుర్రాళ్ళుంటే వాళ్ళ మాట దాస్తుందనుకుంటారు, అవతలా సవర కుర్రాళ్ళుంటారు. కాబట్టి వేళ్ళతోనే చెప్పండి: నడుము వెనక ఒక వేలు దగ్గరి బాల్, రెండు వేళ్ళు కొంచెం దూరంగా పంపే బాల్, పిడికిలి పైప్. సెట్ మధ్యలో అర్థాలు మార్చకండి, అవతలివాళ్ళ కన్నా మీవాళ్ళే ముందు తికమకపడతారు. స్మాషర్లు మాత్రం నోటితో అరవొచ్చు. నిజంగా కావలసినవాడూ, ఊరికే అరిచేవాడూ ఒకేలా అరిస్తే చాలు.

8. ఫలితం చూసుకోవడం

మ్యాచ్‌లో ఒకణ్ణి నోటుబుక్కుతో కూర్చోబెట్టండి. మీరిచ్చిన ప్రతి బాల్‌కీ నాలుగు గడులు: రిసీవ్ మంచిదా చెడ్డదా, ఎదుట ఎంతమంది బ్లాకర్లు, స్మాషర్ నిండుగా చాచి కొట్టాడా వంగాడా, చివరికి ఏమైంది.

కొట్టిన పాయింట్లొక్కటే లెక్కపెడితే మోసపోతారు. బలమైన స్మాషర్ ఇద్దరి మీంచి కూడా కొట్టేస్తాడు, ఆ గొప్ప మీది కాదు. బలహీనుడు ఖాళీ నెట్ మీద కూడా బయటికి కొడతాడు, ఆ తప్పూ మీది కాదు. రిసీవ్ మంచిగా వచ్చిన బాల్స్ మాత్రం తీసుకుని, వాటిలో ఒక్క బ్లాకర్ లేదా అసలు బ్లాకర్ లేనివి ఎన్నో చూడండి. అదీ మీ మార్కు. నెల తర్వాత మళ్ళీ తీసి పోల్చుకోండి. ఒక్క బ్లాకర్ బాల్స్ పెరిగాయి కానీ "వంగాడు" గడి కూడా పెరిగిందంటే వేగం మితిమీరింది, నాలుగో దశకి వెనక్కి వెళ్ళండి.

పెద్దవాళ్ళ ఆట చూసేటప్పుడు బాల్‌ని చూడకండి. లిఫ్టర్ ముట్టుకునే క్షణంలో ఆపి, నడిమి బ్లాకర్ పాదాలు ఎటున్నాయో చూడండి. 2022లో ఇటలీని ప్రపంచ విజేతగా నిలిపిన కెప్టెన్ సిమోన్ జన్నెల్లి లిఫ్టరే, ఆ టోర్నీ అత్యుత్తమ ఆటగాడూ అతనే. టోక్యోలో, తర్వాత 2024 పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్‌కి ఆంటువాన్ బ్రిజార్ ఎలా ఇచ్చాడో చూడండి. "నేను పొట్టి, నా వల్ల కాదు" అనేవాళ్ళు జపాన్ లిఫ్టర్ మసహిరో సెకిటాని చూడండి. అతని ఎత్తు 175 సెంటీమీటర్లు. బ్లాక్‌లో ఆ లోటు ఉంటుంది, దాచలేం. ఇచ్చే బాల్‌లో మాత్రం కనపడదు.

మళ్ళీ మళ్ళీ వచ్చే రెండు సందేహాలు

వేలికి దెబ్బ తగిలితే: మన మైదానాల్లో వెంటనే ఎవడో ఒకడు పట్టుకుని లాగుతాడు. లాగనివ్వకండి. ఐస్ పెట్టి, పక్క వేలితో కలిపి టేపు చుట్టి, ఆట ఆపండి. వాపు తగ్గకపోయినా, వేలు వంకరగా కనిపించినా ఎక్స్‌రే తీయించండి.

సంక్రాంతి టోర్నమెంటుకి బయటినుంచి స్మాషర్‌ని తెచ్చుకుంటే: ఆ ఉదయమే వచ్చినవాడితో వేగం బాల్స్ ప్రయత్నించకండి. వార్మప్‌లో కొట్టనివ్వడానికి ముందు పావుగంట పట్టుకునే పరీక్ష చెయ్యండి. అతని ఎత్తు, పరుగు మీకు తెలిసిపోతాయి. తొలి సెట్‌లో అతనికి కాస్త ఎత్తుగానే ఇస్తూ, మీకు అలవాటైన నడిమివాడితో అవతలి బ్లాకర్‌ని కట్టి ఉంచండి. రెండో సెట్‌కి అతన్నే అడగండి: "ఇంకొంచెం దించమంటావా అన్నా?" ఒప్పుకుంటే జానెడు దించండి.